పొరబడ్డ చేతికే తాళాలా?

ఊరి కాపలాలో ఘోరంగా పొరబడ్డ అధికారికి మళ్లీ ఆ ఊరినే అప్పజెప్పొచ్చా? లండన్‌కు ఒకసారి ఈ ప్రశ్న ఎదురైంది.

2005 జులై 7న అక్కడ మూడు రైళ్లలో, ఓ బస్సులో బాంబులు పేలి 52 మంది చనిపోయారు. 21న మళ్లీ బాంబులు పెట్టారు. అవి సరిగా పేలలేదు, పెట్టినవాళ్లు పారిపోయారు. మర్నాడు ఓ అపార్ట్‌మెంట్‌లోంచి బయటికొచ్చిన యువకుణ్ని వాళ్లలో ఒకడనుకున్నారు పోలీసులు. వెంటాడి, స్టాక్‌వెల్ స్టేషన్లో రైలెక్కాక కాల్చి చంపేశారు. అతడు జీన్ చార్లెస్ డి మెనెజెస్. బ్రెజిల్ నుంచి వచ్చిన 27 ఏళ్ల ఎలక్ట్రీషియన్. ఏ పాపమూ ఎరగడు.

ఆ రోజు కంట్రోల్ రూములో ఉండి ఆపరేషన్ నడిపించింది క్రెసిడా డిక్. 2007లో కోర్టు పోలీసు శాఖకు లక్షా 75 వేల పౌండ్ల జరిమానా వేసింది. డిక్‌ది వ్యక్తిగతంగా తప్పు లేదని జ్యూరీ ప్రత్యేకంగా చెప్పింది. 2017లో ఆమె అదే శాఖకు కమిషనర్ అయ్యారు. ఆ కుర్చీలో కూర్చున్న తొలి మహిళ! మెనెజెస్ కుటుంబం మాత్రం వద్దే వద్దంది.

ఎవరిది న్యాయం? ఒక్క పొరబాటుకే జీవితాంతం వేటంటే రేపు ఏ అధికారీ నిర్ణయం తీసుకోడు. ఫైలు పైకి నెట్టి చేతులు దులుపుకుంటాడు. ఆపద సమయంలో అదీ ప్రాణాలు తీస్తుంది. అలాగని, బిడ్డను పోగొట్టుకున్న తల్లి దగ్గర 'ఆమెకిప్పుడు అనుభవం వచ్చిందమ్మా' అనగలమా?

అందుకే తప్పు జరిగాక ఏం చేశారన్నది చూడాలి. మెనెజెస్ దుస్తులు, ప్రవర్తన అనుమానాస్పదంగా ఉన్నాయని పోలీసు శాఖ మొదట ప్రకటించింది. అది నిజం కాదని తర్వాత తేలింది. ఆ అలవాటు పోయిందా? 1987 నాటి ఓ హత్యకేసు దర్యాప్తును పరిశీలించిన స్వతంత్ర కమిటీ 2021లో నివేదిక ఇచ్చింది. పోలీసు శాఖ తన పరువు కాపాడుకోవడానికే పెద్దపీట వేసిందంది. రికార్డులు అందకుండా ఆటంకాలు కల్పించారంటూ డిక్‌నూ పేరుపెట్టి తప్పుపట్టింది. 2022లో, సిబ్బందిలోని స్త్రీద్వేషం, జాతివివక్షలను ఆమె సరిదిద్దగలరన్న నమ్మకం మేయర్‌కు పోయింది. డిక్ రాజీనామా చేశారు.

ఆమెను దించింది ఎన్నో ఏళ్లుగా అందరూ ఎత్తిచూపిన ఆ ఒక్క ఉదయం కాదు. ఏళ్ల తరబడి శాఖలో పేరుకున్న జబ్బు. భద్రత బాధ్యత ఎవరికైనా అప్పగించేముందు అడగాల్సింది ఇదే... పొరబడ్డాక నిజం చెప్పారా? లెక్క అడిగినవాళ్లకు తలుపు తీశారా?