వాగు మట్టిని లారీలకెత్తొద్దు, ఉన్నచోటే బాగుచేయించుకుందాం

ఇసకవాగు, నక్కవాగు ఒడ్డు రైతులకు, పటాన్‌చెరు చుట్టుపక్కల జనానికి విన్నపం.

వాగు బురదలో ఒక కర్ర గుచ్చి తీయండి. చేత్తో మాత్రం ముట్టుకోకండి. పైన అంగుళం మేర మట్టిరంగు, దాని కింద నలుపు, కుళ్లిన కోడిగుడ్డు వాసన. మన గొడవంతా ఆ నల్లపొరతోనే.

పరిశ్రమల వ్యర్థాలతో ఈ వాగులు పాడవడం 1990లోనే సుప్రీంకోర్టుకెక్కిన వ్యవహారం. ఇక్కడి పరిశ్రమల ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం వదిలే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు లెక్క తేల్చారు. శుద్ధయ్యాక వచ్చిన నీళ్లవి! నీళ్ల సంగతి మాట్లాడేవాళ్లు ఇంకా ఉన్నారు. మట్టి మాటెత్తితే మాత్రం తవ్వి ఇంకో ఊరి గోతిలో పోద్దామంటారు. ఆ ఊరివాళ్లు చేసిన పాపమేమిటి?

నల్లపొరలో గాలి ఆడదు. అక్కడి బ్యాక్టీరియా నూనెల్ని, ఫినాల్‌ని తినగలదు గానీ, తిన్నాక వదిలించుకోవాల్సిన ఎలక్ట్రాన్లకు పోయే దారి దొరకదు. పని మందగిస్తుంది. ఆ పొరలో ఒక గ్రాఫైట్ పలక పాతి, పైనీళ్లలో గాలి తగిలేలా మరో పలక పెట్టి, రెంటినీ తీగతో కలిపితే దారి దొరుకుతుంది. ఎలక్ట్రాన్లు తీగ వెంట పైకొచ్చి ఆక్సిజన్‌ను చేరతాయి. ఇదే మైక్రోబియల్ ఫ్యూయల్ సెల్. బ్యాక్టీరియాతో కరెంటు పుడుతుందని ఇంగ్లండులో పాటర్ 1911లోనే చూపించాడు. మన తార్నాకలోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీలో మురుగునీటి మీద ఏళ్లుగా ఈ పరిశోధన సాగుతోంది. బస్సెక్కితే చేరేంత దూరం.

కరెంటు మీద ఆశ పెట్టుకోకండి. ఒక్కో సెల్ ఒక వోల్టు కూడా ఇవ్వదు, బోరు మోటారు తిరగదు. సీసం, ఆర్సెనిక్ మాయం కావు. పలక చుట్టూ కొద్ది మేరే ఫలితం, అదీ నెలల తరబడి. ఇవి దాచి అడిగితే రేపు నిలదీసేది మనల్నే.

అందుకే వాగంతా అడగడం లేదు, రెండు మడులంత జాగా చాలు. ఒకదానిలో పలకలు, తీగ. పోల్చి చూడడానికి పక్కదానిలో పలకలుంటాయి, తీగ కలపరు. ఏడాదిపాటు నెలనెలా మట్టి పరీక్ష చేసి, ఫలితం ఊళ్లో గోడ మీద రాయాలి. ఖర్చు పరిశ్రమలదే: పాడుచేసినవాడే బాగుచేయాలని రాజస్థాన్ బిఛ్రీ కేసులో 1996లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అన్నిటికన్నా ముందు రాత్రిపూట ట్యాంకర్లతో వ్యర్థాలు వాగులో వదలడం ఆగాలి. లేకపోతే ఇదంతా చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే.

వచ్చే సోమవారం సంగారెడ్డి కలెక్టరేట్‌లో ప్రజావాణికి రండి. తలా ఒక సీసాలో మీ పొలం మట్టి తెండి. మూత మీద సర్వే నంబరు రాయడం మరవకండి.