పదహారో రోజు మాత్ర ఎవరిస్తారు?

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో పెద్దాసుపత్రులు లేవని ఎవరూ అనలేరు. తిరుపతిలో రుయా, స్విమ్స్ ఉన్నాయి. చిత్తూరు వాళ్లకు రాష్ట్ర సరిహద్దు దాటితే వేలూరు సీఎంసీ తిరుపతికంటే దగ్గర. అయినా మన వృద్ధాశ్రమాల్లోని పెద్దలకు వైద్యం మధ్యలో తెగిపోతూనే ఉంది. అది తెగేది ఎక్కువగా ఆసుపత్రిలో కాదు, ఆసుపత్రికీ ఆశ్రమానికీ నడుమ.

సాధారణంగా జరిగేది ఇదీ. ఆయాసపడుతున్న అవ్వను రాత్రిపూట 108లో తీసుకెళ్తారు. ఆమె రోజూ వేసుకునే మాత్రలేవో వెంట వెళ్లిన ఆయాకు తెలియదు. అయిదారు రోజులకు డిశ్చార్జి చేస్తారు. డాక్టరుగారు బీపీ మాత్ర మార్చారు, ఇంకొకటి ఆపేశారు. ఆ సంగతి ఇంగ్లీషులో రాసిన కాగితంలో ఉంది, ఆ కాగితం సంచి అడుగున ఉంది. ఆశ్రమంలో పాత డబ్బాలోని మాత్రలే మళ్లీ మొదలవుతాయి. కొన్నిసార్లు పాతవీ కొత్తవీ రెండూ వేస్తారు. కొద్ది వారాలకే అవ్వ మళ్లీ ఆసుపత్రి పాలవుతుంది. ఇందులో చెడ్డవాళ్లెవరూ లేరు. సరైన అప్పగింత లేదు, అంతే.

చట్టం ఏం చెబుతోంది? తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. దిక్కులేని వృద్ధులు కనీసం 150 మంది ఉండగల ఆశ్రమాలను జిల్లాకొకటి చొప్పున నెలకొల్పే మాట అందులో ఉంది. ప్రభుత్వాసుపత్రుల్లో వృద్ధులకు పడకలు, వేరే వరుస ఉండాలనీ ఉంది. 2024 అక్టోబరు 29 నుంచి, 70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో పనిలేకుండా ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు వైద్యం వర్తిస్తోంది. ఇవి మంచి ఏర్పాట్లే. అయితే ఆ పథకం ఆసుపత్రిలో చేరినవారి కోసం. డిశ్చార్జి తర్వాత మందుల ఖర్చు 15 రోజులవరకే. బీపీ, షుగరు జీవితాంతం ఉండేవి. పదహారో రోజు మాత్ర ఎవరిస్తారు? పైగా కార్డుకు ఆధార్ కావాలి. అది కొడుకు ఇంట్లో ఉండిపోతే అవ్వకు ఆ 5 లక్షలు కాగితం మీది లెక్కే.

అందుచేత ఆశ్రమాలు నడిపే సంఘాలకూ, క్రిస్మస్‌కు పండ్లూ దుప్పట్లూ పంచే సంఘాలకూ మేము చేసే మనవి ఒక్కటే. ప్రతి పెద్దకూ ఒక ఫైలు పెట్టండి. ఏ జబ్బు, ఏ మాత్ర, ఏ వేళకు, ఏది పడదు అన్నవి మొదటి పేజీలో తెలుగులో రాయించండి. ఆసుపత్రికి మనిషితోపాటు ఆ ఫైలూ వెళ్లాలి. తిరిగి వచ్చిన రోజే సంఘంలోని ఒక నర్సు పాత మాత్రలనూ కొత్త కాగితాన్నీ పక్కపక్కన పెట్టి సరిచూడాలి, అనుమానం ఉంటే డాక్టరును అడగాలి. బీపీ, షుగరు మాత్రలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇస్తారు. నెలనెలా తెచ్చే బాధ్యత ఒక యువకుడి పేరు మీద ఉండాలి. ఆధార్, ఆయుష్మాన్ కార్డు పనులకు ఒక శనివారం చాలు.

మంచి సమరయుడు గాయాలు కట్టి తన దారిన పోలేదు. పూటకూళ్లవానికి డబ్బిచ్చి, మనిషిని అప్పగించి, మళ్లీ వస్తానని మాట ఇచ్చాడు. మన ఆశ్రమాల్లోని పెద్దలు ఎదురుచూస్తున్నది ఆ రెండో రాక కోసమే.