నీటి లైసెన్సుల బదిలీ: ఒక దరఖాస్తుపై విమర్శ

నీళ్లను భూమి నుంచి విడదీసి, విడిగా కొనుక్కోటానికీ అమ్ముకోటానికీ వీలు కల్పిస్తే కరువు సీమల కష్టాలు గట్టెక్కుతాయని వాదించే మేధావులు మనలో కొందరున్నారు. వీరందరూ సాక్ష్యానికి పిలిచేది ఆస్ట్రేలియాను. అక్కడ న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో రైతు ఒక దరఖాస్తు నింపి తన నీటి హక్కును మరొకరికి బదిలీ చేయవచ్చుననీ, అది మనకు ఆదర్శం కావాలనీ వారి వాదం. నేను ఆ దరఖాస్తుల తీరునూ, వాటి వెనక వున్న చట్టాన్నీ ఓపిగ్గా చదివాను. నేను కాలేజీలో తెలుగు చెప్పుకునేవాణ్ణి. అర్థశాస్త్రం నా విద్య కాదు. అయితే ఒక రచనలో యెవరు మాట్లాడుతున్నారో, యెవరికి మాట్లాడే అవకాశం లేకుండా పోయిందో చూడటం మా వృత్తి. సర్కారు దరఖాస్తు కూడా ఒక రచనే. దాన్నీ ఆ విధంగానే చదవాలి.

ముందు విషయం వున్నదున్నట్లు చెప్పుకుందాం. 1994లో ఆస్ట్రేలియా కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు ఒక ఒప్పందానికి వచ్చాయి: నీటి హక్కు భూమి హక్కు నుంచి విడిపోవాలి, దానికి అంగడి యేర్పడాలి. ఆ దారినే న్యూ సౌత్ వేల్స్ 2000లో నీటి నిర్వహణ చట్టం చేసింది. దాని ప్రకారం నది నుంచి గాని, భూగర్భం నుంచి గాని సేద్యానికి నీళ్లు తోడుకోవాలంటే ‘వాటర్ యాక్సెస్ లైసెన్సు’ వుండాలి. లైసెన్సులో ఇన్ని వాటాలని రాసి వుంటుంది. ఒక్కొక్క వాటాకు ఆ యేడు యెన్ని నీళ్లు దక్కేదీ జలాశయాల మట్టాన్ని బట్టి ప్రభుత్వం ప్రకటిస్తుంది. వాటాల్లోనూ తరగతులున్నాయి: ‘హై సెక్యూరిటీ’ వారికి ముందు, ‘జనరల్ సెక్యూరిటీ’ వారికి తరవాత.

అమ్మకాలు ముఖ్యంగా రెండు విధాలు. ఆ యేటి నీళ్లను మాత్రమే అమ్ముకోవటం ఒకటి. వాటానే శాశ్వతంగా వదులుకోవటం రెండోది. లైసెన్సును ముక్కలు చేయవచ్చు, కలిపివేయవచ్చు, కొంత కాలానికి కౌలుకివ్వవచ్చు, బ్యాంకులో తాకట్టు పెట్టవచ్చు. శాశ్వత బదిలీ చెల్లాలంటే అది లైసెన్సుల రిజిస్టరులో నమోదు కావాలి. తాకట్టు వుంటే అప్పిచ్చినవాడి సమ్మతి కావాలి. మన సబ్‌రిజిస్ట్రారు కచేరీలో పొలం చేతులు మారినట్లే అక్కడ నీళ్లు చేతులు మారుతాయి. ఒక భేదం వుంది: మనవాడు పొలం కొంటే వెళ్లి గట్టు మీద నిలబడతాడు, అక్కడ నీళ్లు కొన్నవాడికి సెంటు భూమి కూడా వుండనక్కరలేదు.

యీ పద్ధతిలో మంచి లేదని నేను అనను. మన అభ్యుదయవాదుల్లో కొందరు నీళ్ల అమ్మకం అనగానే ‘గంగమ్మ తల్లిని అమ్ముతారా?’ అని కన్నీళ్లు పెట్టుకుంటారు. అది వాదం కాదు. గంగమ్మకు పసుపు కుంకాలు పెట్టిన చేతులతోనే మన పెద్ద రైతులు చివరి తూము దాకా నీళ్లు పోకుండా కాలవకు గండ్లు కొట్టారు. బోరు వున్నవాడు పక్క పొలానికి నీళ్లిచ్చి పంటలో వాటా తీసుకోవటం రాయలసీమలో యెరగనివారెవరు? నగరాల్లో ట్యాంకరు నీళ్లు యెండాకాలంలో యే రిజిస్టరులో పడుతున్నాయి? నీటి అంగడి మన దేశంలోనూ వుంది. చట్టం కళ్లబడకుండా వుంది, అంతే. దానితో పోలిస్తే ఆస్ట్రేలియా పద్ధతిలో లెక్క వుంది, రిజిస్టరు వుంది, మొత్తం తోడుకునే నీటికి ఒక హద్దు వుంది. 1997 నుంచి 2009 దాకా సాగిన మహా కరువులో యేడాది పంటల రైతులు నీళ్లమ్ముకొని కొంత డబ్బు చేసుకున్నారు. ఆ నీళ్లతో పళ్ల తోటలు బతికాయి. యిది నిజం. నిజాన్ని కాదని చేసే విమర్శ ప్రత్యర్థికే బలమిస్తుంది.

అయితే ఆ హద్దూ ఆ లెక్కా ప్రభుత్వం పెట్టినవి. అంగడి పెట్టినవి కావు. మనవాళ్లు మాత్రం హద్దు చేసిన మేలును అంగడి ఖాతాలో జమ కడుతున్నారు. వీరి వాదంలోని మొదటి పొరపాటు యిదే.

రెండోది, దరఖాస్తులోని భాష. అమ్మేవాడి పేరు, కొనేవాడి పేరు, లైసెన్సు నంబరు, వాటాలు, ధర, సంతకాలు. అన్నీ సక్రమంగా వున్నాయి. ‘యాక్సెస్’ అనే మాటకు అర్థం చేరువ కావటం. ఒకడికి చేరువైన నీళ్లు యెవరికి దూరమయ్యాయో చెప్పే గడి అందులో లేదు. ‘డీలింగ్’ అంటే యిద్దరి మధ్య లావాదేవీ. నది యిద్దరి మధ్య వ్యవహారమా? పైవాడు తోడిన నీళ్లు కిందివాడికి వుండవు. బదిలీ వల్ల ఇతరులకూ నదికీ కలిగే కీడును చూడాలని అక్కడి చట్టంలోనూ, 2004 నాటి ఉత్తర్వులోనూ నియమాలున్న మాట వాస్తవమే. కాని ఆ పరీక్ష దరఖాస్తు వెంట దరఖాస్తుగా జరుగుతుంది. యే ఒక్క దరఖాస్తూ ఊరిని పాడు చేయదు. నూరు దరఖాస్తులు మంజూరైన తరవాత ఆ కాలవ కింద మిగిలిన పది మంది రైతులు కాలవ ఖర్చంతా మొయ్యాలి. సేద్యం పోయిన ఊళ్లో బడీ, అంగడీ నిలవవు. యీ నష్టాన్ని యే ఫారంలో రాస్తారు?

మూడోది, ధర యెవరి మాట వింటుందన్న ప్రశ్న. 2018-19లో మరే నది న్యూ సౌత్ వేల్స్ భాగంలో జనరల్ సెక్యూరిటీ వారికి కేటాయింపు సున్నా. వరి, మేత పండించేవారు నీళ్లు కొనవలసి వచ్చింది. 2019 చివరికి దక్షిణ మరే-డార్లింగ్ ప్రాంతంలో మెగాలీటరు, అంటే పది లక్షల లీటర్లు, ఎనిమిది వందల డాలర్లు దాటింది. బాదం తోటల కంపెనీ ఆ ధర పెట్టగలదు. వరి రైతు పెట్టలేడు. ‘నీళ్లు యెక్కువ విలువ వున్న పంటకు పోతాయి’ అని శాస్త్రజ్ఞులు దీన్ని వర్ణిస్తారు. విలువ అంటే యేమిటి? ఆకలిగొన్నవాడికి అన్నం విలువైనది. అంగడికి జేబు నిండినవాడి కోరిక విలువైనది. యీ రెండు అర్థాలనూ ఒకే మాటలో ఇమిడ్చి, మొదటిది చూపి రెండోది అమ్ముతున్నారు.

యిది నా ఒక్కడి అనుమానం కాదు. ఆ దేశపు పోటీ, వినియోగదారుల సంఘమే విచారణ జరిపి 2021లో నివేదిక వెలువరించింది. కోట్ల డాలర్ల వ్యాపారం జరిగే యీ అంగడిలో దళారులకు సరైన నియంత్రణ లేదనీ, ధరలను తారుమారు చేయటాన్ని అడ్డే నియమాలు చాలవనీ, అందరికీ సమానంగా సమాచారం అందటం లేదనీ తేల్చింది. ఆ లోపాలను సవరించటానికి 2023లో కేంద్ర చట్టం చేయవలసి వచ్చింది. అంగడి పెట్టాలని నిర్ణయించిన యిరవై తొమ్మిదేళ్లకు కాపలాదారు వచ్చాడన్న మాట!

నాలుగోది అన్నిటికన్నా ముఖ్యమైనది: రిజిస్టరులో మొదటి పేరు యెవరిది? డార్లింగ్ నదిని బార్కింజీ ప్రజలు బాకా అంటారు. వారి పేరులోనే ఆ నది వుంది. వేల యేళ్లుగా వారు ఆ ఒడ్డున బతికారు. 2015లో కోర్టు వారి భూమి హక్కును గుర్తించింది. కాని భూమి హక్కు నీటి వాటాను తేలేదు. వాటాలు అంతకు ముందే పంచుకోవటం అయిపోయింది. 2020లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారం మరే-డార్లింగ్ పరీవాహకంలోని న్యూ సౌత్ వేల్స్ భాగంలో ఆదివాసుల సంస్థల చేతిలో వున్నది ఉపరితల జలాల్లో నూటికి 0.2 వంతు, జనాభాలో వారు నూటికి దాదాపు పదిమంది. అంగడి అందరికీ తెరిచే వుందంటారు. నిజమే! తల్లి ఆస్తిని దాయాదులు పంచుకున్న తరవాత, నీకూ తలుపు తెరిచే వుంది, కొనుక్కో అన్నట్లు.

2018 డిసెంబరులోనూ 2019 జనవరిలోనూ ఆ నదిలో మెనిండీ దగ్గర లక్షలాది చేపలు చచ్చి తేలాయి. కరువు ఒక్కటే కారణం కాదనీ, పైన తోడివేత వల్ల నదిలో నీళ్లు చాలకపోవటం అసలు కారణమనీ అక్కడి విజ్ఞాన అకాడమీ 2019లోనే చెప్పింది. 2023 మార్చిలో అంతకన్నా యెక్కువ చేపలు చచ్చాయి. యీ దోషమంతా బదిలీల మీదికి నెట్టటం న్యాయం కాదు. కాని నది చావుకు ధర పలకని అంగడి నదిని కాపాడుతుందని నమ్మమనటం మాత్రం మోసం. 2012 నాటి ప్రణాళికలో నదికి యేటా 2,750 గిగాలీటర్లు, మన లెక్కలో సుమారు 97 టీఎంసీలు, తిరిగి చేర్చాలన్నారు. యిందులో చాలా భాగాన్ని ప్రభుత్వం ప్రజల డబ్బుతో కొనవలసి వచ్చింది. ప్రజల నదిని కాగితం మీద పంచిపెట్టి, ఆ కాగితాలను ప్రజల చేతనే కొనిపించారు.

యిదంతా పరాయి దేశపు గొడవ కాదు. మహారాష్ట్ర 2005లో చేసిన జలవనరుల నియంత్రణ చట్టం నీటి హక్కుల బదిలీకి అప్పుడే వాకిలి తెరిచింది. రేపు తెలుగునాట ఆ మాట వస్తే రిజిస్టరులో యెవరి పేరు రాస్తారు? 2020లో తెలంగాణలో వచ్చిన ధరణిలో కౌలు రైతుకు గడి వుండేది కాదు. ఆంధ్రప్రదేశ్ 2019 చట్టం కౌలుదారుకు ఇచ్చే పత్రం పదకొండు నెలలకు పరిమితం. దానికీ భూయజమాని సంతకం కావాలి. దున్నేవాడి పేరు భూమి కాగితంలోనే లేనప్పుడు నీటి కాగితంలో యెక్కడి నుంచి వస్తుంది? పట్నంలో కూర్చున్న పట్టాదారు పొలం వుంచుకొని నీళ్లమ్ముకుంటాడు; కౌలుదారుకు యెండిన మడి మిగులుతుంది. మడిలో నాట్లు వేసే ఆడకూలీ సంతకం యే దరఖాస్తూ అడగదు.

అందుచేత నేను కోరేది వరస మార్చమని. ముందు తాగునీరు, తరవాత నది బతకటానికి కావలసిన నీరు, ఆ తరవాత దున్నేవాడి వాటా చట్టంలో స్థిరపడాలి. ప్రతి బోరుకూ, ప్రతి తూముకూ లెక్క వుండాలి. ఆ లెక్క చావడి గోడ మీద అందరికీ కనబడాలి. ఊరి నుంచి నీళ్లు కదలాలంటే ఊరి సమ్మతి వుండాలి, అందులో భూమిలేనివారికీ ఓటు వుండాలి. యివి జరిగాక, యిరుగుపొరుగు రైతులు ఒక తడి ఇచ్చిపుచ్చుకుంటే నాకు అభ్యంతరం లేదు. యివేవీ జరగకముందే దరఖాస్తు ఫారాలు అచ్చు వేయమనేవారిని రచయితలు గట్టిగా అడగవలసిన ప్రశ్న ఒకటుంది: అయ్యా, యీ ఫారంలో అమ్మేవాడి సంతకానికీ కొనేవాడి సంతకానికీ చోటు పెట్టారు, దాహంతో వున్నవాడి సంతకం యెక్కడ?