మంచినీళ్ళు తాగుతావా?

ఉండిలో బస్సు దిగి పెద్దమ్మ వాళ్ళింటికి వెళ్తే మొదట వినపడే మాట ఎప్పుడూ ఒకటే. "రామ్మా, మంచినీళ్ళు తాగుతావా?" ఎప్పుడు బయల్దేరావ్, అమ్మ ఎలా ఉంది... అవన్నీ తర్వాత. మన గోదావరి ఇళ్ళలో మర్యాద గ్లాసుతోనే మొదలవుతుంది కదా!

ఈమధ్య ఫిజీ తెలుగువాళ్ళ గురించి చదువుతుంటే ఆ గ్లాసే గుర్తొచ్చింది. 1903 నుంచి 1916 దాకా మద్రాసు రేవులో ఓడలెక్కి, చెరకు తోటల్లో పనికి ఆ దీవులకు వెళ్ళిన కూలీల్లో మనవాళ్ళూ ఉన్నారు. అక్కడ అతిథికి ఇచ్చే పానీయం 'యంగోనా'. మిరియాల జాతి మొక్క వేరుని దంచి, నీళ్ళలో పిసికి, వడగట్టి, కొబ్బరి చిప్పలో పోసి చేతికిస్తారు. అందుకునే ముందు చప్పట్లు కొట్టాలి. తాగాక నాలుక కాస్త మొద్దుబారుతుంది. కూలీలుగా వెళ్ళినవాళ్ళ మనవలు, మునిమనవలు దాన్నే 'గ్రాగ్' అంటారు. సాయంత్రం చుట్టూ కూర్చుని, కబుర్లాడుతూ తాగుతారు.

మన దగ్గర చప్పట్లు లేవుగానీ, కాలానికో పానీయం ఉండేది. పొద్దున్నే తరవాణి. కుండలో గంజీ, బియ్యం కడుగూ పులవబెట్టి, రాత్రి అన్నం అందులో వేసి, తెల్లారాక ఉల్లిపాయ, ఆవకాయ ముక్కతో తినేవాళ్ళు. ఆ పుల్లటి నీళ్ళు తాగి చేలోకి దిగితే మధ్యాహ్నం దాకా ఎండ తెలిసేది కాదట. ఎండాకాలం వస్తే దబ్బాకు నలిపి వేసిన మజ్జిగ. సూర్యుడు రాకముందే తాటిచెట్టు మీంచి దించితే నీరా. కుండ లోపల సున్నం రాస్తే తొందరగా పులవదు. అలా వదిలేస్తే కల్లు అయిపోతుంది, అది వేరే కథ.

ఇక షాపు సంగతి. గోలీసోడా మన తాతల కాలం నుంచీ ఉన్నట్టే అనిపిస్తుందిగానీ, ఆ సీసాకి 1872లో పేటెంట్ తీసుకున్నది హైరమ్ కాడ్ అనే ఇంగ్లీషాయన. గోదావరికి అవతల రామచంద్రపురంలో 1919లోనే మొదలైన మన ఆర్టోస్ ఇప్పటికీ దొరుకుతోంది. పెళ్ళిళ్ళలో కనిపిస్తే వదలకండి!

మొన్న పెద్దమ్మని అడిగాను, "తరవాణి ఎందుకు మానేశావు?" అని. నేనేదో ఫ్రిజ్ వచ్చిందనో, ఓపిక లేదనో అంటుందనుకున్నా.

"కొన్న నీళ్ళు కుండలో పోసి పులవబెట్టమంటావేంటే?" అంది.

గుమ్మం పక్కన 20 లీటర్ల టిన్ను ఉంది. తాగడానికీ, వంటకీ అదే. పంపు నీళ్ళు గిన్నెలకీ, బట్టలకీ. అప్పుడు అర్థమైంది. మనం పోగొట్టుకున్నది రెసిపీ కాదు, దాని కింద ఉన్న నీళ్ళు.

ఎటు చూసినా నీళ్ళే ఉన్న ఊరు ఇది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి కాలువల్లో డెల్టా అంతా పారింది. వేసవిలో కాలువలు కట్టేసే ముందే ఊరి మంచినీళ్ళ చెరువు నింపుకునేవాళ్ళు. బిందెలో చిల్లగింజ అరగదీస్తే బురద అడుక్కి దిగేది. ఇప్పుడు చుట్టూ చేపల చెరువులు, రొయ్యల చెరువులు. వాటి మురుగు మళ్ళీ కాలువల్లోకే. బోరు వేస్తే చాలాచోట్ల ఉప్పు తగులుతుంది. ఆ చెరువుల మీదే బతికే ఇళ్ళూ ఇక్కడే ఉన్నాయి, మా పెద్దమ్మ వాళ్ళింటితో సహా. అందుకే ఎవర్నీ తిట్టి తేల్చేసే విషయం కాదిది. కానీ చెరువు తవ్వేటప్పుడు నీళ్ళు ఎటునుంచి వస్తాయని అడిగినట్టే, ఎటు వదులుతారనీ అడగాలి కదా?

మీరు చేయగలిగింది ఒకటుంది. ఈసారి ఊరెళ్ళినప్పుడు మీ ఊరి మంచినీళ్ళ చెరువు ఎక్కడుందో కనుక్కోండి. గట్టు దాకా నడిచి వెళ్ళండి. ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టి, "ఈ నీళ్ళు చివరిసారి ఎప్పుడు తాగారు?" అని అడగండి. ఆ జవాబులు చదివాక, పంచాయతీలో ఏం అడగాలో మీకే తెలుస్తుంది.

నేను బయల్దేరుతుంటే పెద్దమ్మ టిన్ను వంచి నా సీసా నింపింది. చివరి చుక్కలు నేల మీద పడితే, "అయ్యో" అంది. నీళ్ళు ఒలికితే ఆవిడ అలా అనడం నేను వినడం అదే మొదటిసారి.