పక్షవాతం: మొదటి ఆరు నెలల ఊతం ఎవరిది?

పోయిన నెల మన సంఘం కూడికలో బడుల్లో తెలుగు గురించిన చర్చ ముగిశాక ఒక సభ్యుడు లేచాడు. వాళ్ల నాయనకు పక్షవాతం వచ్చి రెండు నెలలైందట. సర్కారు వాకర్ ఇస్తుందంటున్నారు, అర్జీ ఎక్కడ పెట్టాలి అని అడిగాడు. ఆ రోజు సగం జవాబే చెప్పగలిగాను. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను. ఈ అవసరం పళవేర్కాడులో చాలా ఇళ్లలో ఉంది.

ముప్పయ్యేళ్లకు పైగా గుమాస్తాగా అర్జీలు అందుకున్నవాణ్ణి. కాగితం ఎక్కడ ఆగుతుందో కొంత తెలుసు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం కింద చాలా సాయాలకు 40 శాతం వైకల్యం ఉన్నట్టు ధ్రువపత్రం కావాలి. నరాల జబ్బులో ఆ శాతం సాధారణంగా ఆరు నెలలు గడిచాకే కడతారు. ఇందులో న్యాయం లేకపోలేదు. ఈరోజు లేవలేని మనిషి నాలుగు నెలల తర్వాత లేచి తిరగవచ్చు. శాశ్వత వైకల్యమని ముందే రాసేయడం కుదరదు. అయితే పోయిన కదలికలో తిరిగి వచ్చేదానిలో ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే వస్తుందని వైద్యులే చెబుతారు. అంటే ఊతకర్ర అన్నిటికన్నా ఎక్కువ పనికివచ్చే రోజుల్లో కార్డు చేతిలో ఉండదు. కార్డు వచ్చేసరికి ఆ రోజులు దాటిపోతాయి.

ఆ ఖాళీని ఇంటివాళ్లే పూడుస్తున్నారు, కర్రలతోనూ వలతాళ్లతోనూ.

మా అన్నయ్య సంగతే చెబుతాను. కుడిపక్క పడిపోయింది, మాట కూడా తడబడింది. ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడు దారిలో ఒక దుకాణంలో నాలుగు కాళ్ల వాకర్ కొన్నాం. ఇంటికొచ్చాక తెలిసింది, దాన్ని ఎత్తి ముందుకు వేయాలంటే రెండు చేతులూ పనిచేయాలి. ఒక చేయి పడిపోయినవాడికి అది అడ్డమే. వదిన దాని మీద తువ్వాళ్లు ఆరేయడం మొదలుపెట్టింది. అమ్మినవాడు అడగలేదు, కొన్న మేమూ ఆలోచించలేదు.

తర్వాత మా అన్నయ్య కొడుకు పెరట్లో సరుగుడు గుంజలు పాతాడు. ఇక్కడ మనం సవుకు అంటామే, అవే. వాటి మీద రెండు పొడుగు వాసాలు నడుము ఎత్తున కట్టాడు, మధ్యన మనిషి పట్టేంత సందు వదిలి. పడవలకు కట్టే నైలాన్ తాడుతో బిగించి, చెయ్యి కోసుకోకుండా పాత ధోవతి చుట్టాడు. ఎడమచేత్తో వాసం పట్టుకుని అన్నయ్య మొదట నాలుగడుగులు, పది రోజులకు ఆ చివరిదాకా నడిచాడు. కొడుకు మాత్రం వెనకాల నడుముకు కట్టిన తువ్వాలు పట్టుకునే ఉండేవాడు.

వాడు చేసిన ఇంకో సాధనం కొంప ముంచబోయింది. దూలానికి కప్పీ కట్టి, బాగున్న చేత్తో పడిపోయిన చేతిని పైకి లాగించాడు. వారంలో భుజం నొప్పి పట్టుకుంది. వ్యాయామం చేయించడానికి వచ్చిన అమ్మాయి చూసి వెంటనే విప్పించేసింది. పట్టు లేని భుజాన్ని అలా లాగితే కీలు దెబ్బతింటుందట. గుంజల దారిని మాత్రం మెచ్చుకుంది, రెండంగుళాలు దించమంది. ఊతకర్ర కొలత కూడా ఆమె చెప్పిందే. మనిషి నిలబడి చేయి కిందికి వదిలితే మణికట్టు మడత ఎంత ఎత్తులో ఉంటుందో కర్ర అంత ఉండాలి. బాగున్న చేత్తో పట్టుకోవాలి. అడుగున రబ్బరు బుష్ తప్పనిసరి. గడప దగ్గర వాలు వేస్తే ఒక అంగుళం ఎత్తుకు ఒక అడుగు పొడవు. మనవాళ్లు ఆరంగుళాల మెట్టుకు రెండడుగుల పలక వేసి, అది దొర్లించే దారి అనుకుంటారు. ప్లాస్టిక్ కుర్చీకి మధ్యలో రంధ్రం కోసి మరుగుదొడ్డి మీద పెట్టడం కూడా ప్రమాదమే, కోసిన చోట పగులుతుంది. అలాంటిదానికి ఇనప చట్రం వెల్డింగ్ చేయించుకోవడమే మేలు.

ఇక సర్కారు పథకాల సంగతి. 2021 ఆగస్టు 5న కృష్ణగిరి జిల్లా సామనపల్లిలో మొదలైన ‘మక్కళై తేడి మరుత్తువం’ ఇంటికే మాత్రలు, ఇంటికే ఫిజియోథెరపీ తెచ్చింది. 2024లో దానికి ఐక్యరాజ్యసమితి పురస్కారమూ వచ్చింది. మంచి పథకం, అనుమానం లేదు. నా మనవి ఒక్కటే. ఇంటికి వచ్చినవారు రోగితోపాటు ఆ ఇంట్లో కట్టుకున్న సాధనాన్నీ చూసి, కొలిచి, పనికివచ్చేదాన్ని సరిదిద్ది, హాని చేసేదాన్ని విప్పించాలి. దానికి ధ్రువపత్రం అక్కర్లేదు, పది నిమిషాలు చాలు.

అరవై దాటిన పేదలకు కర్రలు, వాకర్లు, వీల్‌చైర్లు ఇచ్చే కేంద్ర పథకం రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017 ఏప్రిల్ 1న, అప్పట్లో మన పక్క జిల్లా అయిన నెల్లూరులోనే మొదలైంది. వస్తువులు చేసేది కాన్పూరులోని ఆలింకో. ఇచ్చేది శిబిరాల్లో. శిబిరం ఎప్పుడు పెడితే అప్పుడే, మన జబ్బు దాని తేదీ చూసుకుని రాదు కదా. పైగా వీల్‌చైర్ ముందు చక్రాలు చిన్నవి, ఇసుకలో దిగబడతాయి. చెన్నై మెరీనాలో ఇదే చిక్కు తీర్చడానికి 2022 నవంబరులో చెక్కదారి వేశారు, డిసెంబరులో మాండూస్ తుపాను దాన్ని దెబ్బతీసింది. మన సముద్రపు ఒడ్డు వీధులకు అంత దారి ఎవరూ వేయరు. గుంజలే మనకు దిక్కు.

భాష మాట చెప్పకుండా ఉండలేను. పక్షవాతం వచ్చాక అన్నయ్యకు అరవం దాదాపు పోయింది. యాభై ఏళ్లు మాట్లాడిన భాష! ఆ అమ్మాయి ‘కాలై తూక్కుంగ’ అంటే ఊరికే చూసేవాడు. కొడుకు ‘కాలెత్తు నాయనా’ అంటే ఎత్తేవాడు. రెండు భాషలు తెలిసినవారిలో ఒకటి ఎక్కువగా దెబ్బతినడం ఉన్నదేనట. భాషా అల్పసంఖ్యాకులకు దేశంలో ఒప్పుకున్న రక్షణల్లో, 15 శాతం దాటిన చోట ముఖ్యమైన ప్రకటనలు వారి భాషలోనూ ఇవ్వాలన్నది ఒకటి. ఏ తాలూకాలో ఆ లెక్క నిలుస్తుందన్నది వేరే చర్చ. వ్యాయామాల కాగితం ఒక్కటి తెలుగులో అచ్చువేయమని అడగడానికి శాతాలు చూపాల్సిన పని లేదనుకుంటాను. ఆ అర్జీ నేను రాస్తున్నాను. పొన్నేరి, తిరుత్తణి మిత్రులు కూడా సంతకాలు పంపండి.

ఈలోగా మనం చేసుకోగల పని ఉంది. కోలుకున్నవారి కర్రలు, పోయినవారి వీల్‌చైర్లు అటకల మీద దుమ్ము పట్టి ఉంటాయి. ఇంట్లో ఉంచుకుంటే అరిష్టమని బయట పడేసేవారూ ఉన్నారు. వాటిని సంఘం గదికి చేర్చండి. అడిగినవారికి ఆరు నెలలకు ఇస్తాం. ఇచ్చే ముందు కొలత చూడటానికి ఫిజియోథెరపీ చదువుతున్న మన పిల్లలు ఇద్దరు ఒప్పుకున్నారు. లెడ్జరు గీసి పెట్టాను. ఒకటో నంబరు మా అన్నయ్య వాకర్, రెండు చేతులూ పనిచేసేవారికి మాత్రమే అని పక్కన రాశాను. వదిన తువ్వాళ్లకు వేరే తీగ కట్టించుకుంది.