చెరువును అడుగక వేసిన లెక్క

గండిపేట చెరువు కిటికీనుండియే కానవచ్చునని ఆశజూపుచు ఆకాశమంటు మేడలలో ఇండ్లను అమ్మజూపు ప్రకటనలు ఈ వారమును పత్రికల మొదటి పుటలను ఆక్రమించినవి. అందు గదుల కొలతలు కలవు, ఈతకొలను కలదు, విమానాశ్రయమునకు ఎన్ని నిమిషముల దారియో కూడ కలదు. ఇన్ని వేల కాపురములకు నీరెచ్చటినుండి వచ్చును, వారు విడుచు మురుగెచ్చటికి పోవును అను రెండు ముక్కలు మాత్రము కానరావు. అమ్మువానిని నేను తప్పుపట్టను. అమ్ముట వాని వృత్తి. నా కోపమంతయు లెక్కలు వేయు పెద్దలమీద.

హైదరాబాదు మహానగరాభివృద్ధి సంస్థవారు 2013లో ప్రకటించిన బృహత్ప్రణాళిక, 2031 నాటికి తమ పరిధిలో 184 లక్షల జనముందురని అంచనా వేసినది. గడచిన దశాబ్దముల పెరుగుదలను చూచి, అంకశ్రేణిగానో గుణశ్రేణిగానో ముందునకు సాగదీయుట ఇంజనీరింగు విద్యార్థికి నేర్పు పాఠమే. జననమరణములచే పెరుగు పాత పట్టణమునకు ఆ పద్ధతి కొంతవరకు చెల్లును. కాని గండిపేట దాపునున్న నార్సింగి, కోకాపేటవంటి చోట్లకు జనమును తెచ్చునది అనుమతిపత్రము. ఇంతమంది వత్తురని అంచనా వేసితిమి గనుక ఇన్ని అంతస్తులకు అనుమతి నిత్తుమందురు. అనుమతి నిచ్చిరి గనుక అంతమందియు వత్తురు. పిదప అంచనా ఫలించినదని సంతసింతురు. దీనిని జోస్యమనుట ఎట్లు? ఇది నిర్ణయము, నిర్ణయమునకు బాధ్యులుండవలయును.

దానికి తోడు, 2006 నాటి ఉత్తర్వు మొదలుకొని హైదరాబాదులో, కొన్ని మినహాయింపులు తప్ప, ఇంత స్థలమునకు ఇంత నిర్మాణమే అను ఎఫ్.ఎస్.ఐ. పరిమితి లేదు; ముందున్న రోడ్డు వెడల్పును, చుట్టును విడువవలసిన ఖాళీయును మేడ యెత్తును నిర్ణయించును. అట్టిచో నివాసప్రాంతమని పసుపురంగు పూసిన ఎకరమునందు నలువదిమంది ఉందురో నాలుగువందలమంది ఉందురో ఏ పటము చెప్పగలదు? 2023 ఆగస్టులో కోకాపేటలో ఎకరము 100 కోట్ల 75 లక్షల రూపాయలు పలికినది; వేలము వేసినది ప్రణాళిక గీసిన సంస్థయే. తూచువాడును అమ్మువాడును ఒక్కడే యైనప్పుడు తక్కెడను నమ్ముట కష్టము.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలకొలది ప్రాణములను హరించిన పిమ్మట, మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహామేరకు, మూసీమీద 1920లో ఉస్మాన్‌సాగరును, అనగా మన గండిపేటను, ఈసీనదిమీద 1927లో హిమాయత్‌సాగరును కట్టినారు. వరద నాపుట వాని మొదటి పని. దాహము తీర్చుట రెండవది. వాని పరీవాహకమునందలి 84 గ్రామములలో, సుమారు 1,32,000 ఎకరములలో, 1996 నాటి 111వ ఉత్తర్వు పరిశ్రమలకును బహుళాంతస్తు మేడలకును అడ్డుకట్ట వేసినది. 2022 ఏప్రిలులో 69వ ఉత్తర్వు ఆ కట్టును సడలించినది. నగరము ఇప్పుడు కృష్ణా గోదావరీ జలములతో బ్రతుకుచున్నది గనుక త్రాగునీటికి ఈ చెరువుల అక్కర అంతగా లేదని హేతువు చెప్పినారు. రెండవ పని తగ్గినదని మొదటి పనిని మరచుట ఎక్కడి న్యాయము? సేద్యపు నేలమీద పడిన వాన కొంత ఇంకి, కొంత గొలుసుకట్టు చెరువులలో నిలిచి, మత్తడులు దాటి తడవుగా గండిపేట చేరును. కాంక్రీటుమీద పడినది ఒక్కుమ్మడిగా చేరును. అప్పుడు గేట్లెత్తక తప్పదు, ఎత్తినచో దిగువనున్నవారు మునుగక తప్పదు. 2025 సెప్టెంబరులో మహాత్మాగాంధీ బస్సుస్టేషనులోనికి మూసీ వచ్చి చేరుట అందరును చూచినదే.

కావున చెరువు ఎంత వరదను ఓర్చునో, మురుగుశుద్ధి కేంద్రములలో ఎన్ని నిజముగా పనిచేయుచున్నవో మొదట తేల్చి, అందునుండి కాపురముల సంఖ్యను నిర్ణయించి, ఆ తరువాతనే పటమునకు రంగులు వేయవలయును.

అసలు ఈ అంచనాలకు పునాదియైన జనగణన మాట చెప్పకయే విడువజాలను. 1881 మొదలు పదేండ్లకొకమారు తప్పక జరిగి, మహాయుద్ధము నడుమ 1941లో సైతము ఆగని ఆ క్రతువు 2021లో ఆగిపోయినది. నూతన గణనకు 2027 మార్చి 1 ప్రమాణదినమట. అంతవరకును మనకు దిక్కు 2011 నాటి లెక్కయే. అందు గ్రేటర్ హైదరాబాదు జనము సుమారు 67 లక్షలు. ఆనాడు కోకాపేటను చూచినవారు ఈనాడు దారి తప్పుదురు. కడుపులకు సైతము ఆ పాత లెక్కయే గతి: ఆహారభద్రతా చట్టముక్రింద ఏ రాష్ట్రమున ఎందరికి బియ్యమో నిర్ణయమైనది 2011 సంఖ్యలనుబట్టియే. ఇక ఆ మేడలనే కట్టుచు రేకులషెడ్లలో కాపురముండు ఒడిశా, బీహారు కూలీలను ఏ ప్రణాళికయు జనములో జమకట్టినట్లు తోచదు. వారికి నీరు వలదా, వారి బిడ్డలకు అంగన్వాడి వలదా?

2050 వరకు వర్తించు నూతన ప్రణాళికను సిద్ధము చేయుచున్నామని ప్రభుత్వము చెప్పుచున్నది. ముసాయిదాను ప్రకటించి ఆక్షేపణలకు గడువీయుట పద్ధతి. శిఖం భూములకును నాలాలకును దాపున నివసించు పాఠకులారా, ఆ గడువు దాటకమునుపే మీ సర్వే నంబరును పేర్కొని, మీ వీధిలో వాననీరు ఎంత యెత్తున నిలుచునో వ్రాసి, ప్రణాళికలోని జనసంఖ్యను దేనినుండి తీసితిరో చెప్పవలసినదని వ్రాతమూలముగా అడుగుడు.