అమ్మడానికి కడుతున్న కాంటెస్సాకి ఏ ఇంజన్? నా ఓటు ఆర్సీలో రాసి ఉన్నదానికే

సెకండ్ హ్యాండ్ ఫోన్ చేతికి రాగానే మనలో చాలామంది చేసే మొదటి పని స్టార్ హ్యాష్ సున్నా ఆరు హ్యాష్ కొట్టడం. స్క్రీన్ మీద కనిపించే ఐఎంఈఐ, డబ్బా మీద ఉన్న ఐఎంఈఐ కలవకపోతే కెమెరా ఎంత బాగున్నా సరే, ఫోన్ తిరిగి ఇచ్చేసి వచ్చేస్తాం. కానీ పాత కారు ప్రాజెక్ట్ అనగానే ఆ తెలివి ఎటు పోతుందో తెలీదు. ఇంజన్ నంబర్ కూడా అలాంటిదే కదా అని ఒక్కరూ ఆలోచించరు. నేరుగా యూట్యూబ్ తెరిచి టూ జేజెడ్ సౌండ్ వింటూ కూర్చుంటారు.

ఈ మాట ఎవరినో అనడం లేదు, మా ముగ్గురినీ అంటున్నా. ఇబ్రహీంపట్నంలో (విజయవాడ పక్కనున్నది కాదు, సాగర్ రోడ్డు మీదున్న మాది) ఒక రేకుల షెడ్డులో మా 1996 కాంటెస్సా ఉంది. బీటెక్ అయ్యాక దాచుకున్న డబ్బులు కలిపి కొన్నాం. ప్లాన్ సింపుల్: బాగుచేసి, ఒక ఏడాది లోపు అమ్మేసి, లాభం వస్తే పంచుకోవడం. బాడీ పర్వాలేదు. ఇంజన్ మాత్రం బోరుకొచ్చింది. స్టార్ట్ చేస్తే వెనకాల దోమల మందు కొట్టినట్టు పొగ. ఇక అక్కడి నుంచి మా వాట్సాప్ గ్రూపులో గొడవ మొదలైంది. ఏ ఇంజన్ పెడదాం?

కాంటెస్సా తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. హిందుస్థాన్ మోటార్స్ 1984లో తెచ్చి, 2002 దాకా అమ్మిన కారు ఇది. డిజైన్ బ్రిటన్‌లోని వాక్స్‌హాల్ వాళ్లది. పొడవాటి బానెట్, వెనక చక్రాలకి పవర్, ముందు నాలుగు దీపాలు. అందుకే మన దగ్గర దీన్ని ఇండియన్ మజిల్ కార్ అంటారు. నిజం చెప్పాలంటే మజిల్ అంతా చూపులోనే. మొదట్లో దీంట్లో పెట్టింది అంబాసిడర్‌లోని 1.5 లీటర్ పెట్రోల్ ఇంజన్, పవర్ 50 హెచ్‌పీ దరిదాపు. అంత బండిని అది లాగడం అంటే బడ్జెట్ చిప్‌తో ఫోర్‌కే గేమింగ్ ఆడించడమే. తర్వాత ఇసుజు వాళ్ల 1.8 లీటర్ పెట్రోల్ ఇంజన్, 5 గేర్ల బాక్స్ వచ్చాక బండి బతికింది. పవర్ సుమారు 85. ఇసుజు 2.0 డీజిల్ కూడా వచ్చింది. మాది 1.8 పెట్రోల్, ఆర్సీలో ఉన్నదీ అదే.

ఇక మా వాడి వాదన. వాడికి కావలసింది టూ జేజెడ్. టయోటా సుప్రాలో వచ్చిన 3.0 లీటర్, ఆరు సిలిండర్ల, రెండు టర్బోల ఇంజన్. ఫ్యాక్టరీ నుంచే 280 హెచ్‌పీ దరిదాపు ఇచ్చేది. "అది పెడితే చూడగానే కొంటారు రా" అన్నాడు. సౌండ్ విషయంలో వాడితో నాకు గొడవ లేదు. గొడవ లెక్కలో ఉంది. ఇంజన్ ధర ఒక్కటే కాదు కదా. 85 హెచ్‌పీ కోసం చేసిన గేర్‌బాక్స్ ఆ పవర్‌ని ఎంతకాలం తట్టుకుంటుంది? ప్రొపెల్లర్ షాఫ్ట్, వెనక యాక్సిల్, రేడియేటర్, వైరింగ్, ఈసీయూ అన్నీ మార్చాలి. అన్నిటికన్నా ముందు బ్రేకులు. పాత ఫోన్ బాడీలో ఫ్లాగ్‌షిప్ చిప్ పెట్టి, కూలింగ్ గురించి, బ్యాటరీ గురించి తర్వాత చూద్దాం అన్నట్టుంటుంది. ఇదంతా అయ్యేసరికి మేము కారు కొన్న డబ్బుకి నాలుగైదు రెట్లు లోపలికి పోతుంది. ఆ ఖర్చు మళ్లీ ఇచ్చే కొనుగోలుదారు ఇండియాలో లేడని కాదు. ఉన్నా, చట్టప్రకారం కాగితాలు మార్చుకోలేడు.

అసలు చిక్కు ఇదే. మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52 అని ఒకటి ఉంది. తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్‌కీ, ఆర్సీ వివరాలకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు అంటుంది. కేరళ నుంచి వచ్చిన జయచంద్ర కేసులో సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఈ మాటనే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టాన్ని సవరించి, ఇలా మార్చిన ఓనర్‌కి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా లేదా 6 నెలల దాకా జైలు, లేదా రెండూ అని పెట్టారు. 5,000 ఎంత, టైరు కూడా రాదు అనుకోవచ్చు. కానీ ఆ బండితో ప్రమాదం జరిగిందనుకోండి. చెప్పకుండా ఇంజన్ మార్చారని తెలిస్తే క్లెయిమ్ కాదనడానికి ఇన్సూరెన్స్ కంపెనీకి దారి దొరికినట్టే. ఆ రోజు స్టీరింగ్ పట్టుకుని ఉండేది మేము కాదు, మా దగ్గర కొన్నవాడు. ఫారం 29, 30 మీద సంతకం పెట్టి, డబ్బులు లెక్కపెట్టుకుని మేము హాయిగా ఇంట్లో ఉంటాం. నాకు ఇక్కడే మింగుడుపడలేదు.

అమెరికాలో అయితే ఈ ప్రశ్నకి జవాబు వేరు. 1964లో పాంటియాక్ జీటీవో 6.4 లీటర్ల వీ8తో వచ్చినప్పటి నుంచి అక్కడ పెద్ద ఇంజన్ అంటే ఒక సంస్కృతి. పాత మస్టాంగో కమారోనో దొరికితే డబ్బాలో ప్యాక్ చేసి వచ్చే కొత్త వీ8 ఆర్డర్ పెట్టుకుని షెడ్డులోనే బిగించుకోవచ్చు. టెక్సస్‌లో ఉన్న మా సీనియర్ ఒకాయన "ఎల్ఎస్ పెట్టేయండి" అని తేలిగ్గా మెసేజ్ కొట్టాడు. ఎల్ఎస్ అంటే షెవ్రొలే వీ8. ఆయనకి అది మనం పవర్ బ్యాంక్ కొన్నంత సులువు. కానీ ఆ దేశంలో కూడా పాత మజిల్ కార్లు కొనేవాళ్లు ఎక్కువ ధర పెట్టేది దేనికో తెలుసా? ఫ్యాక్టరీలో ఏ ఇంజన్‌తో బయటికొచ్చిందో అదే ఇంజన్ ఉన్న బండికి. నంబర్స్ మ్యాచింగ్ అంటారు. మన యూట్యూబ్ కుర్రాళ్లు ఆ సగం ఎందుకో చూపించరు.

ఈ కారు కొనడానికి ముందు ఇంకో కాంటెస్సా చూశాం. పెయింట్ అద్దంలా ఉంది, ధర కూడా తక్కువే. ఆర్సీలో పెట్రోల్ అని ఉంది. బానెట్ ఎత్తితే లోపల డీజిల్ ఇంజన్, అదీ వేరే బండిది. పెట్రోల్ ఖర్చు భరించలేక ఒకప్పుడు చాలామంది చేయించిన పనే ఇది, ఆశ్చర్యమేం లేదు. అమ్మేటాయన మాత్రం "అందరివీ అంతే సార్, ఎవరు చూస్తారు" అన్నాడు. మేం చూశాం కదా! వదిలేసి వచ్చాం. ఇప్పుడు టూ జేజెడ్ పెట్టి మేము అమ్మితే, మా బండి చూడ్డానికి వచ్చిన కుర్రాడికి మేము చెప్పబోయేది కూడా అదే డైలాగ్.

గ్రూపులో తేలకపోతే ఆదివారం మెకానిక్ అన్నని షెడ్డుకి తీసుకొచ్చాం. అంబాసిడర్లు చేసి చేసి చేతులు అరిగిన మనిషి. మా ముగ్గురి వాదనలూ విన్నాడు. డిప్‌స్టిక్ తీసి వాసన చూశాడు. తర్వాత ఒక్కటే అడిగాడు, "తమ్మీ, నువ్వు దీన్ని ఉంచుకునేటోనివా, అమ్మేటోనివా? అమ్మేటోనివైతే నీ సోకు ఎందుకు? కొనేటోడు ఏం అడుగుతడో అది చెయ్."

ఆ అన్న చెప్పిన దారి ఇది. ఉన్న బ్లాకునే బోరింగ్ చేయించి ఓవర్‌సైజ్ పిస్టన్లు వేయడం. గోడలు మరీ అరిగిపోతే లైనర్లు దింపడం. క్రాంక్ గ్రైండింగ్, హెడ్ ఫేసింగ్, కార్బురేటర్ సర్వీస్. బ్లాకు మీద పంచింగ్ నంబర్ అలాగే ఉంటుంది, ఆర్సీతో పని లేదు. ఒకవేళ బ్లాకు పగిలి ఉందని తేలితే? అప్పుడూ అదే 1.8 ఇసుజు వెతకాలి. మంచి సంగతి ఏంటంటే 90ల్లో ఇదే ఇసుజు ఇంజన్‌ని అంబాసిడర్‌లోనూ పెట్టారు. అంబాసిడర్ తయారీ 2014 దాకా నడిచింది. కాబట్టి హయత్‌నగర్ దారిలో ఉన్న ఆటోనగర్, రాణిగంజ్, అక్కడా దొరక్కపోతే విజయవాడ ఆటోనగర్ తిరిగితే సామాన్లు దొరికే అవకాశం ఇంకా ఉంది. వేరే బ్లాకు పెడితే మాత్రం దాని బిల్లు దగ్గర పెట్టుకుని, ఆర్టీఏ అనుమతితో కొత్త నంబర్ ఆర్సీలో ఎక్కించుకోవాలి. తిరుగుడు ఉంటుంది. అయినా తిరగాలి.

"85 హెచ్‌పీకి ఎవడు కొంటాడు, బాలెనో కూడా 90 దాకా ఇస్తుంది" అని మా వాడు ఇంకా అంటూనే ఉన్నాడు. కరెక్టే. కానీ స్పీడ్ కావాలనుకున్నవాడు బాలెనోనే కొంటాడు, కాంటెస్సా దగ్గరికి రాడు. కాంటెస్సా కొనేవాడికి కావలసింది చిన్నప్పుడు సినిమాల్లో విలన్ దిగిన బండి. పొద్దున్నే ఒక్క సెల్ఫ్‌కి స్టార్టవ్వాలి, ఏసీ పనిచేయాలి, ఓఆర్ఆర్ మీద 80లో వణక్కుండా పోవాలి, రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి వెళ్తే ఇన్స్పెక్టర్ బానెట్ ఎత్తినా గుండె దడదడలాడకూడదు. 20 ఏళ్లు దాటిన కారుకి ఆ రెన్యువల్ ఫీజే 2025 ఆగస్టులో 10,000 చేశారు. అంత కట్టి కాగితాల దగ్గర ఆగిపోతే ఎవరికైనా కడుపు మండుతుంది. వింటేజ్ రిజిస్ట్రేషన్ అని ఇంకోటి ఉంది కానీ దానికి 50 ఏళ్లు నిండాలి. మొట్టమొదటి కాంటెస్సా కూడా 2034 దాకా ఆగాల్సిందే.

చట్టం ఒప్పుకునే ఇంజన్ మార్పు కూడా ఉంది, అది బ్యాటరీ. ఆమోదం పొందిన కిట్‌తో వేరే ఇంధనానికి మార్చుకోవడానికి అదే సెక్షన్ 52 దారి ఇచ్చింది. సీఎన్‌జీ కిట్లు నడిచేదీ ఆ దారిలోనే. మన సైట్ చదివేవాళ్లలో సగం మందికి ఈవీ కాంటెస్సా అంటే కళ్లు మెరుస్తాయని తెలుసు, నాకూ మెరుస్తాయి. సొంతానికి ఉంచుకునేవాళ్లు ఆలోచించొచ్చు. అమ్మకానికి మాత్రం వద్దంటాను. కిట్‌కి పెట్టిన డబ్బు వెనక్కి రావడం కష్టం. పైగా ఈ బండి ప్రేమికులు ఇంజన్ చప్పుడు లేని కాంటెస్సాని చూసి ఫొటో దిగుతారేమో గానీ అడ్వాన్స్ ఇవ్వరు.

టూ జేజెడ్ మీద పెట్టాలనుకున్న డబ్బులో చిన్న ముక్కతో ఫ్లోర్ తుప్పు, బ్రేక్ లైన్లు, మొత్తం వైరింగ్ అయిపోతాయి. ఫోన్ అమ్మేటప్పుడు బ్యాటరీ హెల్త్ స్క్రీన్‌షాట్ పెడతాం కదా, అలా నాలుగు సిలిండర్ల కంప్రెషన్ రీడింగులు, పంచింగ్ నంబర్ పెన్సిల్ ట్రేసింగ్ ఫొటో, బోరింగ్ షాపు బిల్లు యాడ్‌లోనే పెట్టాలని నా ఆలోచన. తీసేసిన పాత పిస్టన్లు కూడా ఒక అట్టపెట్టెలో వేసి కొన్నవాడికే ఇస్తాం.

గ్రూపులో ఓటింగ్ పెట్టాం. రెండు ఒకటి. ఓడినవాడు గ్రూపుని మ్యూట్‌లో పెట్టాడు గానీ, శనివారం బ్లాకు దించేటప్పుడు చెయిన్ బ్లాక్ పట్టుకుని ముందుగా వచ్చింది వాడే.